ఉచిత తెలుగు కీబోర్డు యాప్‌లు: మనం రాసేదాంతో ప్రకటనల వ్యాపారమా?

పలకబలపం:
మా అమ్మ థైరాయిడ్ ఆపరేషన్ గురించి చెల్లెలికి వాట్సాప్‌లో తెలుగులో పెద్ద మెసేజ్ పెట్టాను. నేను గూగుల్లో ఏమీ వెతకలేదు. ఆ సాయంత్రం నుంచీ ఫోన్లో థైరాయిడ్ టెస్టుల ప్యాకేజీ ప్రకటనలే. వాట్సాప్ మెసేజ్ మధ్యలో ఎవరూ చదవలేరంటారు. మరి నాకూ వాట్సాప్‌కీ మధ్య ఉన్నది కీబోర్డే కదా? యాప్ పేరు చెప్పను. ఉచితం, రంగురంగుల థీమ్‌లు, పైన ప్రకటనల పట్టీ. ఇలాంటివి ఆన్ చేసేటప్పుడు ఆండ్రాయిడ్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: పాస్‌వర్డులు, క్రెడిట్ కార్డు నంబర్లతో సహా మీరు టైప్ చేసేదంతా ఇది సేకరించగలదు అని. చదవకుండానే ‘సరే’ నొక్కేస్తాం. రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో ప్రకటనలు అసలు ఉండకూడదంటాను. మీరేమంటారు?

నల్లమల:
నేను యాప్‌లు తయారుచేసే పనిలోనే ఉన్నాను. ఆ ప్రకటన రావడానికి కీబోర్డు మీ మెసేజ్ చదవక్కర్లేదండీ. మీ చెల్లెలు వెతికి ఉండొచ్చు. మీ ఫోన్ ఆస్పత్రిలో గంటసేపు ఉండి ఉండొచ్చు. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కీ ఒక అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనలవాళ్లు ఆ ఫోన్‌ని గుర్తుపట్టే ఒక నంబరు ఉంటుంది, దాని ఆధారంగా ఏ యాప్‌లో ఏం చేశారో ఒకచోట కలిపేస్తారు. జీమెయిల్ 2004లో మొదలైనప్పుడు మెయిళ్లలోని మాటలను బట్టే ప్రకటనలు వేసేవారు, 2017లో ఆపేస్తున్నామన్నారు. రాసింది చదవకపోయినా ప్రకటనలకి మిగతా సమాచారమే బోలెడంత ఉంది మరి. సెట్టింగ్స్‌లో గూగుల్, యాడ్స్‌లోకి వెళ్లి ముందు ఆ ఐడీని డిలీట్ చేయండి.

పాత డీటీపీ:
నల్లమల గారూ, ఆ ప్రకటన ఎలా వచ్చిందో మనం తేల్చలేం, ఒప్పుకుంటాను. కానీ రాసింది బయటికి పోతుందా అన్న దానికి రుజువులు ఎప్పుడో దొరికాయి. 2016లో స్విఫ్ట్‌కీ కీబోర్డులో ఒకరి ఈమెయిల్ చిరునామాలు ముక్కూమొహం తెలియని ఇంకొకరికి సూచనలుగా కనిపించాయి. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అనే కీబోర్డు వాడుతున్న 3.1 కోట్ల మంది వివరాలు పాస్‌వర్డు కూడా లేని సర్వర్లో బయటపడ్డాయి. కొందరు టైప్ చేసిన మాటలు కూడా అందులో ఉన్నాయి!

మనం మరీ గమనించాల్సింది చైనా సంగతి. కెనడాలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ 2024లో తొమ్మిది కంపెనీల చైనీస్ కీబోర్డులు పరీక్షిస్తే ఎనిమిదింటిలో లోపాలు దొరికాయి. టైప్ చేసేది దారిలో పట్టుకుని చదివేయొచ్చు. అక్కడ ఇంగ్లిషు అక్షరాలు కొడితే వాటికి సరిపోయే చైనీస్ అక్షరాలను సర్వర్ని అడిగి తెస్తాయి ఆ కీబోర్డులు. మనలో చాలామంది తెలుగు రాసేదీ ఇంగ్లిషు అక్షరాలు కొట్టే కదా! ఆ మార్పిడి ఫోన్లోనే అవుతోందా, సర్వర్లోనా? ఫ్లైట్ మోడ్ పెట్టి టైప్ చేసి చూడండి. తెలుగు పడకపోతే మీ మాటలు బయటికి వెళ్తున్నట్టే. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో శుభలేఖలు కొట్టినప్పుడు మా షాపు కంప్యూటర్‌కి నెట్టే లేదు, ఈ బాధా లేదు.

నల్లమల:
మంచి పరీక్షే, కానీ సగమే. నెట్ లేకుండా పనిచేసిందని, నెట్ వచ్చాక పంపదన్న హామీ ఏముంది? ఐఫోన్‌లో బయటి కీబోర్డుకి ‘ఫుల్ యాక్సెస్’ మీరిస్తే తప్ప నెట్‌లోకి వెళ్లలేదు. పాస్‌వర్డు దగ్గర ఫోన్ సొంత కీబోర్డే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో అలాంటి అడ్డుకట్ట లేదు, అది నిజంగా లోపమే. అయినా ఒకటి అడుగుతాను: ప్రకటనలు వద్దంటే ఖర్చెవరు పెట్టుకుంటారు? నెలకి యాభై రూపాయలు ఇస్తారా ఇక్కడున్నవాళ్లు?

కోస్తాగాలి:
డబ్బు సంగతి తర్వాత, మా బళ్లో పిల్లల ఫోన్లలో కూడా ఇవే యాప్‌లు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల కదలికలు గమనించడం, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదంది. జరిమానా 200 కోట్ల దాకా ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి కానీ, ఇది అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. పెద్దవాళ్లకైతే ఆ నిషేధం లేదు, సమ్మతి ఉంటే చాలు. సమ్మతి అడిగే నోటీసు తెలుగులో చదువుకునే వీలు కూడా ఉండాలని అదే చట్టం చెప్తోంది. తెలుగు కీబోర్డు అమ్మేవాళ్లు నోటీసు ఇంగ్లిషులో పెడితే ఎలా ఊరుకుంటాం?

పలకబలపం:
యాభై కాదు, వందైనా ఇస్తాను నల్లమల గారూ. కానీ ఇవ్వలేనివాళ్ల ఉత్తరాలు అంగట్లో పెట్టొచ్చా? భారతీయ భాషలకి వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను 1980ల్లో కేంద్ర ప్రభుత్వమే ఖరారు చేసింది. ఫోన్లో కూడా ప్రజల డబ్బుతో, కోడ్ అందరూ చూసేలా, నెట్ అనుమతి అసలే అడగని తెలుగు కీబోర్డు ఒకటి చేయించమని రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకీ అర్జీ రాస్తున్నాను. సాంకేతిక భాగం మీరు రాసిపెడతారా?