రోజూ తిరిగే పికప్‌కు మడ్ టైర్లు వేయించాలా, ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాలా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్కారం. నా దగ్గర ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) పికప్ ఉంది. టైర్ల కొలత 245/70 ఆర్16. బండితో వచ్చిన టైర్లు అరుగుదల గుర్తు దాకా అరిగిపోయాయి కాబట్టి మృగశిర కార్తె లోపల వాటిని మార్చక తప్పదు. రోజుకు 80 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. అందులో ఎక్కువ భాగం ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు వెళ్లి వచ్చే తారు రోడ్డే. మిగిలింది మా మిరప, పత్తి చేలకు పోయే బండ్లబాట. నిరుడు శ్రావణంలో వాగు దగ్గరి రేగడిలో బండి దిగబడింది. టైరు గీతలన్నీ మట్టితో పూడుకుపోయి, చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. చివరకు ట్రాక్టరు తెచ్చి లాగవలసి వచ్చింది. ఆ రోజు నుండి బురద కోసమే చేసే మడ్ టైర్లే వేయించాలని ఉంది. అయితే అమ్మను ఆసుపత్రికి, పిల్లలను బడికి తీసుకుపోయేది కూడా ఇదే బండి. మడ్ టైర్లతో తారు రోడ్డు మీద ఎంత నష్టపోతాను? వాడినవారు చెప్పగలరా?

సుంకి ఘాటు (పొట్టంగి, కోరాపుట్ జిల్లా)

నేను రెండు రకాలూ వాడాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మడ్ టైరులో నేలకు ఆనే రబ్బరు దిమ్మలు పెద్దవి, వాటి మధ్య సందులు వెడల్పు. చక్రం వేగంగా తిరిగినప్పుడు ఆ సందుల్లోని బురద బయటకు విసిరివేయబడుతుంది, మరుసటి చుట్టుకు దిమ్మ మళ్లీ ఖాళీగా నేలను పట్టుకుంటుంది. దాని బలమంతా ఇదే. అన్ని రకాల దారులకూ పనికివచ్చేలా చేసే ఆల్ టెర్రైన్ టైరులో సందులు ఇరుకు, దిమ్మలు చిన్నవి, వాటి మీద సన్నని కోతలు ఉంటాయి. మీ రేగడి నీరు తాగి ఉబ్బే మట్టి. పొలంలో నాలుగు అడుగులు వేసేసరికి చెప్పులు ఎలా బరువెక్కుతాయో ఆ టైరూ అలాగే బరువెక్కి, నున్నని డ్రమ్ములా మారుతుంది. మీరు వాగు దగ్గర చూసింది ఇదే.

కానీ తడిసిన తారు మీద లెక్క తిరగబడుతుంది. రోడ్డు మీద లోతుగా నీరు నిలిచిన చోట మడ్ టైరు సందులు ఆ నీటిని బాగానే తోసివేస్తాయి. అసలు ప్రమాదం చిరుజల్లుకు రోడ్డు పలుచగా తడిసినప్పుడు వస్తుంది. అప్పుడు బండిని ఆపవలసింది రోడ్డుకు ఆనిన రబ్బరు, దాని మీది సన్నని కోతలు. మడ్ టైరులో ఆనే రబ్బరు తక్కువ, కోతలు దాదాపు ఉండవు. సాలూరు నుండి సుంకి మీదుగా పొట్టంగికి ఎక్కే ఘాటులో, పొగమంచు కమ్మిన ఒక ఉదయం, మలుపులో ఎదురుగా లారీ కనిపించి బ్రేకు వేస్తే నా బండి వెనుక భాగం పక్కకు జారింది. ఆ రోజు తొట్టిలో బరువు లేదు. ఖాళీ పికప్ వెనుక ఇరుసు మీద భారం తక్కువ కాబట్టి అది మామూలుగానే తేలికగా జారుతుంది, మడ్ టైర్లతో ఇంకా తేలికగా జారింది. ఆ వారంలోనే వాటిని తీయించాను. శబ్దం, డీజిలు ఖర్చు గురించి అందరూ చెబుతారు, అవి భరించదగినవే. బ్రేకు విషయంలో మాత్రం సర్దుకోలేము.

మరొక మాట. మీ చేలలో బరువు మోసే రోజులు ఏవి? పత్తి దసరా తరువాత, మిరప జనవరి దాటాక. అప్పటికి బాట ఎండి గట్టిపడి ఉంటుంది. బురదలో మీరు నడిపేది ఖాళీ బండి, అదీ ఏడాదికి ఎన్ని రోజులు? ఆ బాటలో రేగడి ఎంత, మొరం ఎంత, ఇసుక ఎంత ఉన్నాయో ఒకసారి కొలవండి. ఇసుకలో మడ్ టైరు తవ్వుకుంటూ కిందికి దిగుతుంది, ఆల్ టెర్రైన్ టైరు గాలి తగ్గిస్తే పైపైనే పోతుంది.

శబరి సంగమం (మోటు, మల్కన్‌గిరి జిల్లా)

పై మిత్రుని మాట ఘాటు రోడ్డుకు నిజమే. కానీ వానాకాలమంతా తారు ముఖం చూడని ఊళ్లకు రోజూ పోయేవారికి ఆ లెక్క సరిపోదు. నేను మందులు చేరవేసే పని మీద మూడేళ్లుగా మడ్ టైర్లతోనే తిరుగుతున్నాను, అవి లేకపోతే సగం ఊళ్లకు చేరలేను. తారు ఎక్కాక 50 దాటను, ముందు బండికి రెట్టింపు దూరం పాటిస్తాను. అడిగినవారి దారి మాత్రం ఇలాంటిది కాదనిపిస్తోంది.

బల్లార్షా టైర్లు (చంద్రపూర్ జిల్లా)

టైర్ల దుకాణంలో 20 ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. చాలామంది అడగకుండానే కొనేసే విషయాలు కొన్ని చెబుతాను.

కొలతకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అనే అక్షరాలు ఉన్నాయా చూడండి. ఉంటే టైరు పక్కలు దళసరిగా, బరువుగా ఉంటాయి. అదే బరువు మోయడానికి దానికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి కాబట్టి తలుపు పక్కన అంటించిన పట్టీలోని అంకెను గుడ్డిగా అనుసరించకూడదు. భారం సూచించే అంకె పాత టైరు మీద ఉన్నదానికి తగ్గకూడదు. తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. అందం కోసం పెద్ద కొలతకు వెళితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, మలుపుల్లో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

మా ప్రాంతంలో వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కాలే తారు మీద మడ్ టైరు పొడవాటి దిమ్మలు ఊగుతూ, అంచులు ఎగుడుదిగుడుగా అరుగుతాయి. ప్రతి 5,000 కిలోమీటర్లకు ముందు వెనుకలు మార్చకపోతే ఆ అరుగుదలే పెద్ద రొదగా మారుతుంది. ఆల్ టెర్రైన్ అయితే 8,000 దాకా ఆగవచ్చు. రెండింటిలోనూ సందుల్లో కంకర ఇరుక్కుంటుంది, నెలకొకసారి స్క్రూడ్రైవరుతో తీసివేయండి.

దిగబడినప్పుడు మొదట చేయవలసిన పని గాలిని 18–20 పీఎస్ఐ దాకా తగ్గించడం. నేలకు ఆనే భాగం పెరుగుతుంది. తారు ఎక్కేలోగా మళ్లీ నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పక్కలు చీలుతాయి. అందుకని బండిలో గాలి పంపు, గేజి రెండూ ఉండాలి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న బాట మొత్తం నడిచి, నడిపి కొలిచాను. 9 కిలోమీటర్లలో రేగడి వాగుకు రెండు వైపులా కలిపి 600 మీటర్లే. ఒక కిలోమీటరు ఇసుక, మిగతాదంతా మొరం. ఇన్నాళ్లూ ఆ 600 మీటర్లను మనసులో పెట్టుకుని మొత్తం దారికి టైర్లు వెతుకుతున్నానని అర్థమైంది. ఆల్ టెర్రైనే వేయిస్తాను. పక్క చేల రైతులతో మాట్లాడి, వానలకు ముందే వాగు దగ్గర మొరం పోయిస్తాము. వాగు పొంగిన రోజున బండి ఇవతలే ఉంటుంది. ఒక్క సందేహం మిగిలింది: స్టెప్నీ పాతదే ఉంచితే సరిపోతుందా?

బల్లార్షా టైర్లు (చంద్రపూర్ జిల్లా)

ఉంచకండి. ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ కాబట్టి అది ఒక చక్రానికి ఉండగా గట్టి నేల మీద ఫోర్ బై ఫోర్‌లో నడిపితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఐదూ ఒకే రకం, ఒకే కొలతవి తీసుకుని, మార్చిన ప్రతిసారీ స్టెప్నీని కూడా వంతులో కలపండి. ఐదూ ఒకేలా అరుగుతాయి.