బాంబులేస్తే అణుబాంబు ఆగుతుందా, ముదురుతుందా?

పర్లాకిమిడి కుర్రాడు:
నిన్న బరంపురంలో టీ తాగుతూ మొదలైన గొడవ, బస్సు కదిలేదాకా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఫలానా దేశం చాటుగా అణుబాంబు చేస్తోందని అనుమానం వస్తే ఇంకో దేశం విమానాలు పంపి ఆ కట్టడాలు కూల్చేస్తుంది. 1981లో ఇరాక్, 2007లో సిరియా, 2025 జూన్‌లో ఇరాన్. దీనివల్ల బాంబు చేసే దేశాలు తగ్గుతాయా, పెరుగుతాయా? పెరుగుతాయని నేనన్నాను, అంతే, మా బావ నా మీద పడ్డాడు. బావా, నువ్విక్కడే ఉన్నావని తెలుసు, రా.

బరంపురం బావ:
వచ్చాను లేరా బామ్మర్దీ. నీకు సిరియా ఒక్కటి చాలదా? యూఫ్రటిస్ ఒడ్డున, దేర్ ఎజ్ జోర్ వైపు ఎడారిలో గుట్టుగా రియాక్టర్ కట్టారు. 2007 సెప్టెంబర్ 6 రాత్రి ఇజ్రాయెల్ కూల్చేసింది. సిరియా మళ్లీ కట్టలేదు. ఏడేళ్లు తిరిగేసరికి ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం ఐసిస్ చేతిలో పడింది. ఆ రియాక్టర్ అక్కడే ఉండుంటే ఏమయ్యేదో నువ్వే చెప్పు, నేను టీ తాగి వస్తా.

గుణుపురం మాస్టారు:
బావగారి సిరియా ముచ్చటకి తర్వాత వస్తాను. ముందు మా ఊరి సంగతి ఒకటి. మా వీధి వెనక గెడ్డ పక్కన సారా బట్టీ ఒకటి ఉండేది. పొగ రోడ్డు మీదికి కనబడేది, ఎవరు వండుతున్నారో, వారానికి ఎన్ని డ్రమ్ముల ఊట పెడుతున్నారో బడిపిల్లలు కూడా చెప్పేవారు. ఒకరోజు రైడ్ జరిగింది. డ్రమ్ములు గొడ్డళ్లతో చీల్చి బెల్లం ఊటంతా పారబోశారు, గెడ్డ రెండు రోజులు పులుపు కంపు కొట్టింది, ఆ ఊట తాగిన ఆవులు తూలుకుంటూ ఇంటికొచ్చాయి. నెల తిరక్కుండా కొండ మీద నాలుగైదు చోట్ల చిన్న కుండలతో మళ్లీ మొదలైంది, పొగ రాత్రిపూటే. ఇప్పుడు ఎవరెంత వండుతున్నారంటే నాకే తెలీదు.

ఇరాక్‌లో జరిగింది అచ్చం ఇదే. ఒసిరాక్ అనేది ఫ్రాన్స్ అమ్మిన రియాక్టర్, బాగ్దాద్ పక్కన తువైతాలో, అణు కేంద్రాలు తనిఖీ చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చిపోయే చోటే. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ ఎఫ్-16లు ఎనిమిది వచ్చి నేలమట్టం చేశాయి. భద్రతా మండలి ఖండించింది, ఊరుకుంది. సద్దాం ఏం చేశాడంటే, నిర్బంధంలో పెట్టిన జాఫర్ దియా జాఫర్ అనే శాస్త్రవేత్తను బయటికి తెచ్చి పని అప్పజెప్పాడు. వందల మందితో నడిచే పని వేల మందికి పెరిగింది, అదీ చాటుగా. వాళ్లు పట్టుకున్న దారి క్యాలుట్రాన్, పెద్ద పెద్ద అయస్కాంతాలతో బాంబుకి పనికొచ్చే యురేనియం వేరుచేసేది, 1940లలో అమెరికా తన తొలి బాంబు కోసం వాడి తర్వాత వదిలేసిన పద్ధతి. అంత పాత దారిలో ఎవరైనా వెళ్తారని ఎవరూ అనుకోలేదు. 1991 గల్ఫ్ యుద్ధం అయ్యాక ఇన్‌స్పెక్టర్లు వెళ్తేగానీ బయటపడలేదు.

బరంపురం బావ:
కథ బాగుంది మాస్టారూ, ఆవులు ఇంకా బాగున్నాయి. కానీ బెల్లమూ కుండా ఏ సంతలోనైనా దొరుకుతాయి, యురేనియం గుణుపురం సంతలో దొరకదు కదండీ. ఇంకో మాట, 1990లో కువైట్ మీద పడ్డప్పుడు సద్దాం చేతిలో బాంబు లేదు. తొమ్మిదేళ్లు గడిచినా లేదు. ఆలస్యం కూడా లాభమేనండీ.

సునాబెడ నుంచి:
మా నాన్నగారు ఇక్కడి మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. డిజైన్ సోవియట్ వాళ్లది. మొదట్లో పక్కన ఒకళ్లు నిలబడి చూపిస్తేగానీ పెద్దవాళ్లు బోల్టు బిగించేవాళ్లు కాదట. ఇప్పుడు మా నాన్నగారిని నిద్రలో లేపి అడిగినా ఏ భాగం తర్వాత ఏది ఎక్కాలో, ఎక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే ఏది పగులుతుందో చెబుతారు, కాఫీలో చక్కెర వేసుకున్నారో లేదో మాత్రం గుర్తుండదు. ఇక్కడే సిరియాకీ ఇరాన్‌కీ తేడా. సిరియాకి ఆ రియాక్టర్ విద్య ఉత్తర కొరియా ఇచ్చింది, సొంత మనుషులు తక్కువ, కట్టడం పోయాక పని ఆగిపోయింది. ఇరాన్ వేల సెంట్రిఫ్యూజ్‌లు, అంటే గిర్రున తిప్పి యురేనియం శుద్ధి చేసే యంత్రాలు, సొంతంగా చేసుకుంది. శాస్త్రవేత్తల్ని కూడా చంపారు, నిజమే, కానీ చదివించిన శిష్యులు ఉంటారు. ఇరాన్ తన ఫోర్దో శుద్ధి కేంద్రాన్ని కొండ కడుపులో ఎందుకు కట్టారో ఒసిరాక్ గుర్తుంటే వేరే చెప్పక్కర్లేదు. దానికోసమే 2025లో అమెరికా ఒక్కొక్కటి 13 టన్నులు దాటే బాంబులు 14 వేసింది, 12 ఫోర్దో మీద, 2 నతాంజ్‌లోని ఇంకో శుద్ధి కేంద్రం మీద. కాబట్టి బావగారు సిరియా విషయంలో రైటే, దాన్ని తెచ్చి ఇరాన్‌కి అతికిస్తేనే తప్పు.

రాయగడ కోడలు:
అందరూ దెబ్బ తిన్న దేశం గురించే మాట్లాడుతున్నారు, చూస్తున్నవాళ్ల సంగతేటి? లిబియా 2003లో అణుబాంబు పని మానేసి సామగ్రంతా అప్పగించింది, 2011లో నాటో బాంబులేసింది, గడాఫీ చచ్చాడు. ఆ మార్చిలోనే ఉత్తర కొరియా విదేశాంగ శాఖ బాహాటంగా చెప్పింది, లిబియాని ఆయుధాలు వదిలించి మోసం చేశారని. ఉత్తర కొరియా వాళ్లు మాత్రం 2006లోనే అణు పరీక్ష చేసేశారు, వాళ్ల జోలికి ఎవరూ పోవట్లేదు.

ఇంకోటి. ఇరాన్ యురేనియాన్ని బాంబు స్థాయికి దగ్గరైన 60 శాతానికి శుద్ధి చేయడం ఎప్పుడు మొదలెట్టింది? 2021 ఏప్రిల్ 11న నతాంజ్‌లో విద్రోహం జరిగి కరెంటు పోయింది, రెండు రోజులకే 60 శాతం అని ప్రకటించింది. అమెరికా, మిగతా పెద్ద దేశాలతో ఇరాన్ చేసుకున్న 2015 అణు ఒప్పందంలో హద్దు 3.67 శాతం. ఒప్పందంలోంచి 2018లో ముందు బయటికి పోయింది అమెరికా. మొట్టికాయ వేస్తే పిల్లాడు మాట వింటాడని మా అత్తగారు కూడా అనుకునేవారు లెండి.

బరంపురం బావ:
చెల్లెమ్మా, ఒప్పందాల గురించి మరీ అంత నమ్మకం వద్దు. 1994లో అమెరికా ఉత్తర కొరియా అణు కేంద్రం యోంగ్‌బ్యోన్ మీద దాడి చేయాలా అని ఆలోచించింది, మాజీ అధ్యక్షుడు కార్టర్ వాళ్ల రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి మాట్లాడాడు, ఒప్పందం కుదిరింది. బాంబుకి ఇంకో దారైన ప్లుటోనియం పని ఆపి వాళ్లు చాటుగా సెంట్రిఫ్యూజ్‌ల వైపు పోయారు. కాగితం మీద సంతకం చూసుకుని మురిసిపోతే అదీ కథ.

గుణుపురం మాస్టారు:
ఆపింది ఎనిమిదేళ్లండీ బావగారూ, ఒక్క బాంబు వేయకుండా. మీ ఇరాక్ లెక్క ప్రకారం ఆలస్యం లాభమే కదా? పైగా ఆ ఎనిమిదేళ్లూ యోంగ్‌బ్యోన్‌లో ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. ఇరాన్‌లో చూడండి. దాడులకు ముందు 60 శాతం యురేనియం సుమారు 440 కిలోలని ఐఏఈఏ కిలోలతో సహా లెక్క చెప్పింది. దాడులయ్యాక ఇరాన్ పార్లమెంటు సహకారం ఆపమని చట్టం చేసింది, జూలైలో ఇన్‌స్పెక్టర్లు దేశం వదిలారు. ఆ సరుకు లారీలో ఎక్కించగలిగే సిలిండర్లలో ఉంటుంది. కూలిన గోడల ఫొటోలు అందరం చూశాం, సిలిండర్లు చూసినవాడు ఎవడు?

పర్లాకిమిడి కుర్రాడు:
మన సంగతి ఎవరూ ఎత్తలేదు. 1988 డిసెంబర్ 31న రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ఒప్పందం చేసుకున్నారు, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని. 1992 నుంచి ప్రతి జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాం, కార్గిల్ అయ్యాక కూడా. 2025 మేలో పాకిస్తాన్‌లో అణు సరుకు దాచారని చెప్పుకునే కిరానా కొండలు కొట్టేశామని వాట్సాప్‌లో ఊదరగొట్టారు, బావా నువ్వే నాకు మూడుసార్లు పంపావు, మన ఎయిర్‌ఫోర్స్ వాళ్లే అక్కడ కొట్టలేదని చెప్పారు.

బరంపురం బావ:
ఆ ఫార్వర్డ్ సంగతి ఇక్కడెందుకురా. సరే, జాబితాలో రాయకుండా ఇంకోచోట కడితే?

పర్లాకిమిడి కుర్రాడు:
నీ విమానం మాత్రం జాబితాలో లేనిచోటికి ఎలా పోతుంది బావా?

బరంపురం బావ:
ఆదివారం అక్కతో కలిసి వస్తున్నాం, అక్కడ తేల్చుకుందాం. సిరియా మాత్రం నాదే.