రాయగడ – పార్వతీపురం దారిలో కారు ప్రమాదం: రాజీ పడాలా, కేసు నడపాలా?

ప్రశ్న: రాయగడ నివాసి

అందరికీ నమస్కారం. మా కుటుంబం రెండు తరాలుగా రాయగడలో స్థిరపడింది. చుట్టరికాలన్నీ పార్వతీపురం, బొబ్బిలి వైపే కావడంతో కూనేరు మీదుగా ఆ దారిలో రాకపోకలు మాకు నిత్యం ఉండేవే. ఇటీవల మా బావగారు సంత నుంచి స్కూటరు మీద ఇంటికి వస్తుండగా, ఒడిశా హద్దు లోపలే, ఎదురుగా వస్తున్న కారు తన పక్కను విడిచి కుడివైపుకు జరిగి వచ్చి ఆయనను ఢీకొట్టింది. హెల్మెట్ ఉండబట్టి తలకు దెబ్బ తగలలేదు కాని, తొడ ఎముక విరిగి శస్త్రచికిత్స అవసరమైంది. కారు ఆంధ్రా రిజిస్ట్రేషనుది. దాన్ని నడుపుతున్న యువకుడు ఫోనులో దారి చూసుకుంటున్నానని అక్కడ గుమిగూడిన వారి ముందు తానే చెప్పాడు. థానాకు వచ్చిన తరువాత మాత్రం ఆవు అడ్డం వచ్చిందని అంటున్నాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ప్రమాదం జరిగిన చోటు. అక్కడ మలుపు లేదు, గొయ్యి లేదు. తిన్నగా, కొత్తగా తారు వేసిన రోడ్డు. రోడ్డు పాడైపోయి ఉన్న రోజుల్లో అదే చోట బండ్లు నెమ్మదిగా పోయేవి, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

కారు తరఫు పెద్దలు వచ్చి, ఆసుపత్రి ఖర్చు ఇస్తాము, కాగితం రాసుకుని కేసు వదిలేయండి అంటున్నారు. మా ఇంట్లో పెద్దవారికి కూడా కోర్టుల చుట్టూ, అందులోనూ రెండు రాష్ట్రాల మధ్య, తిరగడం ఇష్టం లేదు. రాజీకి ఒప్పుకోవడం మంచిదేనా? కేసు నడపాలంటే ఆంధ్రాలో వేయాలా, ఇక్కడా? ఫోను చూస్తూ నడిపాడని రుజువు చేయడం సాధ్యమవుతుందా? ఇంకొక మాట కూడా ఉంది. మా అబ్బాయికి ఈ మధ్యనే లైసెన్సు వచ్చింది. ఈ దారుల్లో వాడికి ప్రత్యేకంగా ఏమి చెప్పాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పాత డ్రైవరు, కొరాపుట్

బావగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. చట్టం సంగతి తెలిసినవారు చెబుతారు. నేను చాలా ఏళ్ళు సాలూరు – పొట్టంగి ఘాట్‌లో జీపులు, తరువాత బస్సులు నడిపినవాణ్ణి కనుక మీ చివరి ప్రశ్నకు మాత్రమే జవాబు ఇస్తాను.

కొత్త తారు గురించి మీరు గమనించినది అక్షరాలా నిజం. రోడ్డు మారింది కాని దాని మీద బతికే మనుషులూ పశువులూ మారలేదు. వెనుకటిలాగే రాగులు, ధాన్యం రోడ్డు మీదే ఎండబోస్తారు, పంట మీద బండ్లు పోతే నూర్పిడి అయిపోతుందని గడ్డి పరుస్తారు, రాత్రి తారు వెచ్చగా ఉంటుందని ఆవులు దాని మీదనే పడుకుంటాయి. సంత రోజున కావళ్ళతో, తట్టలతో వరుసగా నడిచే జనానికి రోడ్డు అంచే కాలిబాట. దుంగలు వేసుకున్న లారీలు వెనుక దీపం లేకుండా ఆగి ఉంటాయి, ఆటోలు చెయ్యి ఎత్తిన చోటల్లా నిలుస్తాయి. ఇవన్నీ ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల వేగంలో సర్దుకుపోయే విషయాలు. ఎనభైలో సర్దుకుపోవు.

మీ అబ్బాయికి ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఫోను వైపు రెండు సెకన్లు చూస్తే 33 మీటర్ల దూరం మనం చూడకుండానే గడిచిపోయినట్టు. మళ్ళీ కళ్ళెత్తి, ఎదుట ఉన్నదేమిటో గుర్తించి, కాలు బ్రేకు మీదకు చేరేసరికి ఇంకొక సెకను. బ్రేకు పట్టిన తరువాత బండి ఆగడానికి పొడి రోడ్డు మీదనే మరో 20 మీటర్లు కావాలి. మొత్తం కలిపితే 70 మీటర్లు అవుతుంది, మన పల్లెల్లో చాలావాటిలో రోడ్డు పక్కనున్న ఇళ్ళ వరుస అంత పొడవు కూడా ఉండదు. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టిన తరువాత దొర్లే దూరం నాలుగింతలు అవుతుందన్నది కూడా చెప్పండి, ఎందుకంటే చాలామంది అది రెండింతలే అనుకుంటారు.

ఏమరుపాటు అంటే ఫోను ఒక్కటే కాదు. నా అనుభవంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది తెలిసిన దారి. మొదటిసారి ఘాట్ ఎక్కేవాడు భయంతో రెండు కళ్ళూ రోడ్డు మీదే పెడతాడు. రోజూ తిరిగేవాడికి ప్రతి మలుపూ తెలుసు కనుక, చేతులు నడుపుతుంటే మనసు వేరే చోట ఉంటుంది. ఈ మలుపు అవతల ఎవరూ ఉండరని అతనికి నమ్మకం, నిన్న లేరు కనుక. వెనుక సీటులో ఉన్న పిల్లల వైపు తిరిగి మాట్లాడటం, నీళ్ళ సీసా వెతకడం, పాట మార్చడం, భోజనం చేసిన వెంటనే మూడు గంటల ప్రయాణం పెట్టుకోవడం, ఇవన్నీ ఫోనుతో సమానమే. తెల్లవారుజామున పెళ్ళి నుంచి తిరిగి వచ్చే కార్లను చూస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

ఘాట్ గురించి రెండు మాటలు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు కొందరికి ఉంది. ఏ గేరులో ఎక్కుతామో దాదాపు అదే గేరులో దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కి, కింది మలుపుల దగ్గర పట్టు వదిలేస్తాయి. ఇరుకు చోట ఎదురుపడితే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలన్నది మర్యాద మాత్రమే కాదు, 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్నదే. మన వైపు వచ్చే మైదానం డ్రైవర్లలో ఇది తెలిసినవారు తక్కువ.

జవాబు: బరంపురం న్యాయవాది

ప్రశ్న అడిగినవారు మొదట రెండు విషయాలను విడదీసి చూడాలి. పోలీసు కేసు వేరు, పరిహారం వేరు. ప్రమాదకరంగా నడిపి గాయపరచినందుకు థానాలో నమోదయ్యేది నేరానికి సంబంధించినది. మీరు ఇంటి దగ్గర కాగితం రాసుకున్నంత మాత్రాన అది దానంతట అదే పోదు. పరిహారం కోసం వేసే దరఖాస్తు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ ముందు నడుస్తుంది, అక్కడ డబ్బు చెల్లించేది సాధారణంగా కారు యజమాని కాదు, ఆ కారుకు మూడో పక్ష (థర్డ్ పార్టీ) బీమా, అంటే దాని వల్ల ఇతరులకు కలిగే నష్టానికి బీమా, ఇచ్చిన సంస్థ. ఆ బీమా లేకుండా బండి రోడ్డెక్కడమే చట్టవిరుద్ధం. కాబట్టి ఆ కుర్రవాడి కుటుంబం మీద జాలితో మీరు వదులుకునే సొమ్ములో ఎక్కువ భాగం వారి జేబులోది కాదని మీ పెద్దలకు చెప్పండి. తొడ ఎముక విరిగిన మనిషి ఎన్ని నెలలు పనికి దూరమవుతాడో, రాడ్డు తీయడానికి మళ్ళీ ఎంత ఖర్చవుతుందో, నడకలో లోపం మిగులుతుందో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఈరోజు ఆసుపత్రి బిల్లు చూసి రాసుకునే రాజీ ఆ లెక్కలేవీ తెలియకుండా రాసుకునే రాజీ.

ఆంధ్రాకు వెళ్ళవలసిన పని లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునల్‌లో గాని, బాధితుడు నివసించే లేదా వ్యాపారం చేసే చోట గాని, ఎదుటి పక్షం నివసించే చోట గాని దరఖాస్తు వేయవచ్చు, ఎంపిక బాధితుడిదే. మీ విషయంలో మొదటి రెండూ ఒడిశాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు అమలులోకి వచ్చింది కనుక రాజీ మాటలతో కాలం జారనివ్వకండి. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు ఇచ్చే 164వ సెక్షను కూడా ఉంది. అయితే ఎదుటివాడి తప్పుకు సాక్ష్యం ఉన్నప్పుడు ఎంత నష్టమైతే అంత అడిగే 166 దారే మేలు అవుతుంది.

ఇక ఫోను. 2019 సవరణ తరువాత చేతిలో ఫోను పట్టుకుని నడపడం 184వ సెక్షను కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్కకు వస్తుంది. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దారి చూసుకోవడానికి ఫోను వాడటాన్ని 2020 అక్టోబరు నుంచి నిబంధనలు అనుమతిస్తున్నాయి, కాని డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకూడదన్న షరతుతో. అందువల్ల దారి చూసుకుంటున్నాను అన్నది అతనికి సమర్థన కాజాలదు. కాల్ రికార్డులను పోలీసులు తెప్పించగలరు, అయితే మ్యాపు చూడటం కాల్ రికార్డులో కనిపించదు. మీకు అసలు బలం అతని మాట విన్న సాక్షులూ, కారు ఏ పక్కన ఆగి ఉందో చూపే ఫొటోలూ. ట్రిబ్యునల్ ముందు నేర విచారణలోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు, ఏది ఎక్కువ నమ్మదగినదో తేలితే చాలు. తన పక్కలో వస్తున్న స్కూటరును అవతలి పక్కకు వచ్చి కారు కొట్టిందని స్థల పటం చూపిస్తే, ఆవు కథ నిలబెట్టుకోవలసిన భారం ఆచరణలో అతని మీదే పడుతుంది.

ఒక జాగ్రత్త. ఎఫ్‌ఐఆర్, వాంగ్మూలం ఒడియాలో రాస్తారు. మన ఇళ్ళలో ఒడియా మాట్లాడేవారు చాలామందే గాని చదవగలిగినవారు తక్కువ. సంతకం పెట్టే ముందు రాసినదాన్ని థానా అధికారి (ఐఐసి) గారి ఎదుటే చదివించుకుని వినండి. ఏ పక్కన కొట్టిందన్నది అందులో లేకపోతే తరువాత చాలా కష్టం.

జవాబు: గుణుపురం వాసి

పాత డ్రైవరు గారి మాటల మీద గౌరవంతోనే కొంచెం విభేదిస్తున్నాను. అంతా డ్రైవరు చూపు మీదకే నెట్టేస్తే రోడ్డు వేసినవారు తప్పించుకుంటారు. పల్లె మధ్య నుంచి తిన్నటి తారు పరిచి, వేగం తగ్గించే గడ్డలు గాని, అంచున నడిచేందుకు చోటు గాని, వంతెనల దగ్గర రాత్రి మెరిసే గుర్తులు గాని పెట్టకపోతే, మనిషి సహజంగా చేసే చిన్న పొరపాటు ప్రాణం తీసేదిగా మారుతుంది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రమాదం జరిగితే సంబంధిత సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయడానికి 2019 సవరణలో 198ఎ సెక్షను చేర్చినది ఇందుకే. మన పక్క దాని పేరు ఎత్తినవారిని నేను చూడలేదు.

రాజీ గురించి న్యాయవాది గారు చెప్పని కోణం ఒకటి ఉంది. జాతీయ రహదారుల మీద 500 మీటర్ల పరిధిలో మూడేళ్ళలో మరణం లేదా తీవ్ర గాయం కలిగించిన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మరణాలు సంభవిస్తే, ఆ చోటును బ్లాక్ స్పాట్ అంటారు. ఆ లెక్క పోలీసు రికార్డుల నుంచి వస్తుంది. మనది జాతీయ రహదారి కాకపోయినా, ఏ చోట మార్పులు చేయాలని ఏ ఇంజినీరును అడిగినా మొదట చూసేది ఆ రికార్డునే. మన ప్రాంతంలో ఊరి పెద్దల సమక్షంలో తెగిపోయే ప్రమాదాలు ఆ లెక్కలోకి రావు. కాళ్ళూ చేతులూ విరిగినవి ఎన్ని ఉన్నా, కాగితం మీద అది క్షేమమైన రోడ్డే. రాయగడ నివాసి గారు కేసును నిలబెడితే పరిహారం సంగతి ఎలా ఉన్నా, ఆ చోటు పేరు ఒక రికార్డులోకి ఎక్కుతుంది.

మళ్ళీ: రాయగడ నివాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. బీమా సంస్థ చెల్లిస్తుందన్న విషయం చెప్పిన తరువాత మా మామగారి అభ్యంతరం చాలావరకు తగ్గింది. సాక్షుల్లో ఇద్దరు సంతలో కూరగాయలు అమ్మేవారు, మాట చెప్పడానికి ఒప్పుకున్నారు. కారుకు బీమా ఉందో లేదో ఆ పక్షం వారు స్పష్టంగా చెప్పడం లేదు, తెలుసుకునే మార్గం ఉందా? రెండో శస్త్రచికిత్సకు విశాఖ తీసుకువెళ్ళమంటున్నారు. ప్రమాద బాధితులకు ఉచిత చికిత్స పథకం వచ్చిందని విన్నాము, అది ఇప్పుడు వర్తిస్తుందా?

జవాబు: ఆసుపత్రి ఉద్యోగిని, జయపురం

కారు నంబరు ఉంటే పరివాహన్ యాప్‌లో వేసి చూడండి, బీమా గడువు ఎప్పటి వరకు ఉందో సాధారణంగా కనిపిస్తుంది. కనిపించకపోతే థానాలో అడగండి, దర్యాప్తులో బీమా వివరాలు సేకరించడం వారి పనే.

మీరు విన్న పథకం 2025 మే నుంచి అమలులో ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఒక్కొక్క బాధితుడికి 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఇస్తారు, కాని ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకే. బావగారి రెండో శస్త్రచికిత్సకు అది పనికిరాదు. విశాఖలో అయ్యే ప్రతి ఖర్చుకూ, అంబులెన్సు అద్దెతో సహా, బాధితుడి పేరుతోనే రశీదు తీసుకోండి. ఇక్కడి ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో రోడ్డు ప్రమాదం అని రాసి ఉందో లేదో చూడండి. పడిపోయాడు అని మాత్రమే రాసిన కాగితాలు నేను చాలా చూశాను. అలా ఉంటే విశాఖ బయలుదేరే ముందే, రాసిన డాక్టరు గారి చేతనే సరిచేయించుకోండి.