13బీ రోటరీ ఇంజను: సెల్ఫు తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు

ప్రశ్న (అనంతపురం):
నమస్కారం. ఊరి బయట మా షెడ్డులో ఇద్దరు కూర్చునే ఫైబరు విమానం కడుతున్నాం. ఇంజను మాజ్డా కారుది, రెండు రోటర్ల 13బీ, ఎలక్ట్రానిక్ ఇంజెక్షను, ప్రొపెల్లరుకు 2.85 నిష్పత్తి గేరు పెట్టె. బరువు సరిపోవడానికి బ్యాటరీని తోక వైపు పెట్టాం. ప్రస్తుతానికి నేల మీద ఇంజను నడిపి చూడటం వరకే, డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) కాగితాలు తర్వాత. మొదటిసారి సెల్ఫు కొట్టగానే క్షణం సేపు అంటుకుని, పొగగొట్టంలో ఢామ్మని పేలి ఆగిపోయింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. సెల్ఫు మాత్రం మునుపటికన్నా తేలిగ్గా జుయ్యిమని తిరుగుతోంది. ప్లగ్గులు తీస్తే పెట్రోలు కారుతోంది. టైమింగు (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) మార్చాలా?

జవాబు (కర్నూలు):
టైమింగును అసలు ముట్టుకోకండి. మీరు చెప్పినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ జుయ్యిమనే శబ్దం. కంప్రెషన్ ఉన్న ఇంజను అలా తిరగదు, దెబ్బ దెబ్బకూ ఆగి ఆగి తిరుగుతుంది. మీ ఇంజను పెట్రోలుతో నిండిపోయింది.

రోటరీలో వాల్వులు ఉండవు, పిస్టను రింగులు ఉండవు. పిస్టనుకు బదులు తిరిగే మూడు ముఖాల దిమ్మే రోటరు. దాని మూడు మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు గోడకు ఒరుసుకుంటూ గాలిని బిగబడతాయి. సన్నటి ఆయిలు పొర ఉంటేనే వాటికి పట్టు దొరుకుతుంది. పెట్రోలు ఎక్కువైతే ఆ పొర కడిగినట్టు పోతుంది, దాంతో కంప్రెషన్ పోతుంది. అంటుకోలేదని ఇంకా సెల్ఫు కొట్టేకొద్దీ ఇంకా పెట్రోలు పడుతుంది. చాలామంది ఇక్కడే బ్యాటరీనీ సెల్ఫు మోటారునూ కాల్చుకుంటారు.

ముందు ఇంజెక్టర్ల ఫ్యూజు, పెట్రోలు పంపు ఫ్యూజు తీసేయండి. ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే కాయిళ్ల కనెక్టర్లు కూడా విప్పండి. దీన్ని మాత్రం మరిచిపోవద్దు: ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు తుంపరగా చిమ్ముతుంది, ఎక్కడైనా నిప్పురవ్వ పడితే షెడ్డే అంటుకుంటుంది. చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, తోకను స్తంభానికి కట్టి, మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచండి. ప్రొపెల్లరు తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు. అప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కొద్ది సెకన్ల చొప్పున ఆగి ఆగి తిప్పండి. తుంపర ఆగాక ఒక్కో రోటరులోకి ఒక చెంచా 2టి ఆయిలు (టూ స్ట్రోకు బండ్లలో పెట్రోలులో కలిపేది) పోసి, ప్రొపెల్లరును చేత్తో నెమ్మదిగా నాలుగైదు చుట్లు తిప్పండి. ఆయిలు పొర మళ్లీ పడుతుంది.

తర్వాత మూడు ప్లగ్గులు బిగించి, ఒక రోటరుకు ఒక రంధ్రం మాత్రం తెరిచి సెల్ఫు కొట్టి వినండి. మూడు ముఖాలకు మూడు ఊపులు, ఛప్ ఛప్ ఛప్ అని సమానంగా రావాలి. రెండో రోటరుకూ ఇలాగే చూడండి. ఒక ఊపు మెత్తబడితే ఆ ముఖం సీలును అనుమానించాలి. మూడూ సమంగా, బలంగా ఉంటే సీళ్లు బాగున్నట్టే. తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్లగ్గులు వేయండి, తడిసినవాటిని నమ్మకండి. ఒక్కో రోటరుకు ఉండే రెండు ప్లగ్గుల్లో ఒకటి లీడింగు, ఒకటి ట్రెయిలింగు; వాటి వైర్లు తారుమారు కాకుండా చూసుకోండి. కారులో ఉన్న తీరులో అయితే ట్రెయిలింగు పైన, లీడింగు కింద. విమానంలో ఇంజనును ఒరగబెట్టి బిగించి ఉంటే హౌసింగు మీది గుర్తు చూసి తేల్చుకోండి.

జవాబు (కడప):
పైన అన్నగారు చెప్పినది అక్షరాలా నిజం. అయితే మొదట్లోనే ఎందుకు నిండిందో కూడా చూడాలి కదా. ఫైబరు విమానం, బ్యాటరీ తోకలో అన్నారు. కారులో అయితే బాడీయే ఎర్తు. ఫైబరులో కరెంటు వెనక్కి రావడానికి దారి ఉండదు, అంత లావు కేబులే ఇంకొకటి వేయాలి. మీది 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, ఒక వైపు 5 మీటర్లు అనుకుందాం. పోనూ రానూ 10 మీటర్లకు సుమారు 0.011 ఓములు. సెల్ఫు 200 ఆంపియర్లు లాగితే దారిలోనే 2.2 వోల్టులు పోతాయి. అప్పటికే బ్యాటరీ 10.5కి దిగి ఉంటుంది, ఇంజను దగ్గర 8.3 మిగులుతుంది. ఇంజెక్షనును నడిపే కంట్రోలర్లు కొన్ని అంత తక్కువకు తడబడి మళ్లీ మొదలవుతాయి, అప్పుడు పడిన పెట్రోలు కాలకుండా మిగిలిపోతుంది. 35 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం 1 వోల్టే. సెల్ఫు కొడుతూ ఇంజను బ్లాకుకూ సెల్ఫు మోటారు టెర్మినలుకూ మధ్య మీటరు పెట్టండి, విషయం తేలిపోతుంది.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉంచినది వాడకండి, అది నీటిని పీలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలు, ట్యాంకు లోపలి పూత తట్టుకుంటాయో లేదో కూడా చూసుకోండి. మన ఎండలకు షెడ్డులో పెట్రోలు గొట్టం పొగగొట్టానికి దగ్గరగా పోతే ఆవిరి కడుతుంది.

ప్రశ్న అడిగినవారు (అనంతపురం):
మీటరు పెట్టి చూశాం. సెల్ఫు తిరుగుతుండగా ఇంజను దగ్గర 8.1. ఎర్తు సన్న వైరే. రెండూ 35కి మార్చి, ఇంజను ఆరబెట్టి, చెప్పినట్టే ఆయిలు పోశాం. రెండు రోటర్లకూ ఊపులు సమంగా ఉన్నాయి. ఈసారి గుప్పున తెల్లటి పొగ వదిలి అంటుకుంది! రెండు నిమిషాలు నడిపి ఆపేయవచ్చా?

జవాబు (కర్నూలు):
చాలా సంతోషం! పొగ మీరు పోసిన ఆయిలుదే, కాసేపట్లో తగ్గుతుంది. కానీ చల్లగా ఉండగానే ఆపకండి. చల్లటి ఇంజనుకు కంట్రోలరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, అది కాలకుండా లోపలే ఉండిపోయి మళ్లీ సీళ్లను కడిగేస్తుంది. నీళ్లు వేడెక్కే దాకా నడపండి. ఆయిలు ప్రెషరు పది సెకన్లలో లేవకపోయినా, నీటి వేడి హద్దు దాటుతున్నా మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే కట్టేయండి. సీళ్లకు కొద్దికొద్దిగా ఆయిలు అందించే మీటరింగు పంపు తీసేశారా? తీసేస్తే 100 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు చొప్పున 2టి కలిపే నడపాలి.

ఆపాక పెట్రోలు ప్రెషరు గేజీని కాసేపు గమనించండి. ముల్లు గబగబా పడిపోతే పంపు దగ్గరి వన్‌వే వాల్వో, ప్రెషరు రెగ్యులేటరో, ఇంజెక్టరో పట్టడం లేదు. ఇంజెక్టరే కారుతుంటే మరుసటి రోజు ఇంజను మళ్లీ తడిసే ఉంటుంది. అదే జరిగితే ఇంజెక్టర్ల పట్టీని బయటికి తీసి, పంపు ఒక్కటే వేసి చూడండి, ఏది కారుతోందో కంటికే కనిపిస్తుంది.