పోకడ పోతుంది కదా, ఎలా వస్తుంది?

అచ్చుతప్పు:
అందరికీ నమస్కారం. బట్టల ఫ్యాషన్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఎప్పుడో పోయాయనుకున్న బెల్ బాటం ప్యాంట్లు, భుజాల్లో మెత్తలు పెట్టిన కోట్లు, ఎత్తు నడుములు ఇన్నేళ్ళకు మళ్ళీ ఎలా ఊడిపడ్డాయన్నది విషయం. నేను "పాత పోకడ తిరిగొచ్చింది" అని రాశాను. దిద్దిపెట్టే పెద్దాయన దాని కింద ఎర్రగీత గీసి, పక్కన ఒక్క ముక్క రాశారు: "పోకడ పోతుంది కదా, ఎలా వస్తుంది?" నవ్వొచ్చింది గానీ జవాబు తట్టలేదు. ట్రెండ్ అనేచోట పోకడ అని రోజూ చదువుతూనే ఉన్నాం కదా. తప్పంటారా?

పదపిచ్చి:
తప్పు కాదండీ. పోవు నుంచే పోకడ వచ్చింది, నిజమే. కానీ పోకడ అంటే వెళ్ళిపోవడం ఒక్కటే కాదు, నడిచే తీరు కూడా. "వాడి పోకడ నాకు నచ్చలేదు" అంటే వాడు లేచి వెళ్ళిపోవడం నచ్చలేదని ఎవరూ అనుకోరు. అయితే పెద్దాయన చెవికి ఎక్కడ గుచ్చుకుందో తెలుస్తోంది. ఈ మాటకు ఒక జంట ఉంది: రాకడ. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక" అని సామెత. ట్రెండ్‌కి మాట వెతికినవాళ్ళు జంటలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. బట్టల విషయంలో ఆ రెండోదే మీకు అవసరం పడింది.

తమాషా ఏమిటంటే, ట్రెండ్ అనే ఇంగ్లీషు మాటలో పోవడం లేదు, తిరగడం ఉంది. పాత ఇంగ్లీషులో ట్రెండన్ అంటే తిరగడం, దొర్లడం. తర్వాత నదో సముద్రతీరమో ఏ దిక్కుకు వంపు తిరిగిందో చెప్పడానికి వాడారు. బట్టల దగ్గరికి వచ్చింది చాలా ఆలస్యంగా.

ఇప్పుడు మన మాటలు చూడండి. మళ్ళీ: మళ్ళు నుంచి, అంటే తిరుగు. తిరిగి: తిరుగు నుంచి, చెప్పే పనే లేదు. మరల: మరలు నుంచి. పాత కావ్యాల్లో మగుడ, మగుడు నుంచి; అదీ వెనుదిరగడమే. తెలుగులో ఏదైనా ఇంకోసారి జరిగిందని చెప్పాలంటే, వీటిలో ఏ మాట ఎత్తుకున్నా అది తిరగాల్సిందే! "మళ్ళీ వచ్చింది" అన్నప్పుడు అసలైన ట్రెండ్ ఆ "మళ్ళీ"లోనే ఉంది.

నిదానం:
బాగుంది. కానీ ఈ చర్చలో "కొత్తొక వింత, పాతొక రోత" అనే సామెత ఇంకా ఎవరూ ఎత్తలేదేం? ఫ్యాషన్ గురించి తెలుగువాడు చెప్పాల్సిందంతా నాలుగు మాటల్లో చెప్పేశాడు.

పదపిచ్చి:
సగమే చెప్పాడండీ. రోత దాకా వచ్చి ఆగిపోయాడు. రోత తర్వాత ఏమవుతుందన్నదే కదా ఇక్కడ ప్రశ్న.

జేమ్స్ లేవర్ అని బ్రిటిష్ వేషచరిత్రకారుడు ఒకాయన 1937లో ఒక నిచ్చెన లాంటిది కట్టాడు. ఒకే దుస్తు ఏ ఏడు ఎలా కనబడుతుందో వరసగా చెప్పాడు. దాన్ని తెలుగు చేయడం నాకు సరదా, కాబట్టి ఓపిక పట్టండి. రోజులు రావడానికి పదేళ్ళ ముందు అది అసభ్యం. అయిదేళ్ళ ముందు సిగ్గుమాలినతనం. ఏడాది ముందు తెగింపు. తన రోజున సొగసు. ఏడాది దాటితే వెలాతెలా. పదేళ్ళకు వికారం. ఇరవయ్యేళ్ళకు నవ్వులాట. ముప్ఫయ్యేళ్ళకు సరదా. యాభయ్యేళ్ళకు... ఇక్కడ ఆయన వాడిన ఇంగ్లీషు మాటకు తెలుగులో వింత కంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. డెబ్బయ్యేళ్ళకు ముచ్చట. నూరేళ్ళకు కలలాంటి వన్నె. నూటయాభయ్యేళ్ళకు అచ్చంగా అందం.

అంటే సామెత కొత్తకు ఇచ్చిన వింత, యాభయ్యేళ్ళు ఆగితే పాతకూ దక్కుతుంది! ఇప్పుడు అన్నేళ్ళు ఎవరూ ఆగడం లేదనుకోండి. ఇరవయ్యేళ్ళకే తిప్పేస్తున్నారు. నవ్వులాట గడప మీద ఉండగానే పిలుపు వస్తోంది.

నిదానం:
సరే, ఒప్పుకుంటున్నాను. రోత మీద నాదీ ఒక మాట. కోయు – కోత, మేయు – మేత, మోయు – మోత, అలాగే రోయు – రోత. అసహ్యపడటం అన్నమాట. "రోసిపోయాను" అని ఇప్పటికీ అంటాం. కానీ నిఘంటువు తెరిస్తే రోయు కింద ఇంకో అర్థం కూడా కనబడుతుంది: వెదకు. రోసి చూడటమంటే గాలించి చూడటం. ఇరవయ్యేళ్ళ క్రితం రోసి పారేసిన కోటును ఇప్పుడు పాతబట్టల కొట్లలో రోస్తున్నారని రాస్తే వ్యాకరణం ఏమీ అనదు. పాఠకుడు అంటాడేమో.

కత్తెర:
నాకు వ్యాకరణం రాదు, కుట్టుపని వచ్చు. మీరంతా "తిరిగొచ్చింది" అనేదాని మీద కొట్టుకుంటున్నారు. అసలు తిరిగొచ్చేది అదేనా అని అడగరేం?

నా దగ్గరికి ఒకమ్మాయి వాళ్ళ నాన్న బెల్ బాటం తెచ్చింది, తనకు సరిచేయమని. బల్ల మీద పరిచి చూశాను. నడుము బొడ్డు దాకా ఉంది. తొడ దగ్గర పట్టేసి, మోకాలి నుంచి ఒక్కసారిగా విచ్చుకుంది. గుడ్డ దళసరిగా, ఇటు లాగినా అటు లాగినా కదలనిది. కింద ఎవరో ఎప్పుడో పొడవు తగ్గించి లోపలికి మడిచి కుట్టారు. ఆ మడత విప్పితే, లోపలున్న రెండంగుళాల గుడ్డ అసలు రంగులో మెరుస్తోంది, బయటున్నదంతా వెలిసిపోయింది. మధ్యలో పాత కుట్టు సూది బెజ్జాలు వరసగా. ఎంత ఇస్త్రీ చేసినా ఆ గీత పోదు. ఆ అమ్మాయి గీత ఉండనివ్వమంది, అదే బాగుందట. అదే గీతను వాళ్ళ నాన్న రోజుల్లో వదిలి ఉంటే ప్యాంటు నా మొహాన కొట్టేవారు.

ఆమె వేసుకొచ్చిన ఫ్లేర్ ప్యాంటు పక్కన పెట్టి చూశాను. దూరం నుంచి అదే ఆకారం. చేత్తో పట్టుకుంటే రబ్బరులా సాగుతోంది. సాగే గుడ్డకు తొడ దగ్గర పట్టు కుదరడం తేలిక, ఆ పాతదాన్ని పట్టించడానికి కత్తిరింపులో ఒళ్ళు వంచాలి. కాబట్టి నన్నడిగితే వచ్చింది ఆకారం, గుడ్డ కాదు.

పదపిచ్చి:
కత్తెరగారూ, ఈ చర్చలో అసలైన మాట మీదే. ఆ సాగే దారం స్పాండెక్స్‌ను డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టింది 1958లో. మామూలు ప్యాంట్ల గుడ్డలోకి అది చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. బెల్ బాటం కథే అంత, వచ్చిన ప్రతిసారీ కొత్త ఒంట్లోకి వచ్చింది. మొదట అది నావికుల ప్యాంటు. కింద వెడల్పుంటే డెక్కు కడిగేటప్పుడు పైకి మడుచుకోవడం సులువని చెబుతారు. 1960లలో అమెరికా కుర్రకారు సైన్యం మిగులు సరుకు అమ్మే కొట్లలో చవగ్గా దొరుకుతున్నాయని కొని తొడిగారు. 1970లలో ఊరూవాడా వ్యాపించింది. 1990లలో ఫ్లేర్ అని, బూట్‌కట్ అని పేరు మార్చుకుంది. ఇప్పుడు ఇంకో విడత.

పేరు మార్చడం గురించి ఒక్క ముక్క. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన తొలి దుస్తుల వరస చూపించాడు. సన్నని నడుము, గజాలకొద్దీ గుడ్డ పోసిన గేరా. అది చూసిన ఒక పత్రికా సంపాదకురాలి నోట న్యూ లుక్ అనే మాట వచ్చింది, అదే పేరుగా నిలిచిపోయింది. నిజానికి ఆ నడుమూ ఆ గేరా అంతకు ముందు శతాబ్దివి! యుద్ధం వల్ల గుడ్డ కరువై ఇరుకు గౌన్లకు అలవాటుపడ్డ కళ్ళకు పాతదే కొత్తగా కనబడింది. బ్రిటన్‌లో 1941లో మొదలైన బట్టల రేషన్ 1949 దాకా నడిచింది మరి. కడుపు మాడినవాడికి రుచి తెలిసినట్టు, గుడ్డ మాడినవాళ్ళకు గేరా విలువ తెలిసింది.

అచ్చుతప్పు:
ఇంత సరుకు దొరుకుతుందనుకోలేదు. మరి వాక్యం ఏం చేయమంటారు? పదపిచ్చిగారు చెప్పిన మళ్ళు నాకు నచ్చింది. "బెల్ బాటం మళ్ళింది" అని రాస్తే?

నిదానం:
వద్దు బాబూ. పొద్దు మళ్ళింది, వయసు మళ్ళింది అంటాం. దిగిపోతున్నదానికి వాడే మాట అది. "మళ్ళీ" అన్నప్పుడు వెనక్కి తిరిగి వస్తోంది, "మళ్ళింది" అన్నప్పుడు అటు వాలిపోతోంది. బెల్ బాటం మళ్ళిందని రాస్తే రెండోసారి పాతబడిందనుకుంటారు.

పదపిచ్చి:
ఒప్పుకుంటున్నాను. మోజు అందామా? ఉర్దూ మౌజ్ నుంచి మనకొచ్చిందంటారు, అరబ్బీలో దానికి అల అని అర్థం. అల వస్తుంది, పోతుంది, ఇంకోటి వస్తుంది. "పాత మోజు మళ్ళీ ఎగసింది" అంటే బాగానే ఉంది.

నిదానం:
కవిత్వం ఎక్కువైంది. వ్యాసం కదా ఆయన రాసేది.

కత్తెర:
మీరు ఏమైనా రాసుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు పోకడా అనరు, మోజూ అనరు, ట్రెండనేవాళ్ళు కూడా తక్కువే. "ఇప్పుడు ఏది నడుస్తోంది?" అంటారు. పాతబడితే "అది ఇప్పుడు నడవట్లేదు". తిరిగొస్తే "మళ్ళీ అదే నడుస్తోంది". అంతే.

పదపిచ్చి:
చూశారా! పోకడకు నడిచే తీరు అని మొదట్లో నేను చెప్పిన అర్థమే ఇది. నేను నిఘంటువులో తవ్వుతుంటే అది కత్తెరగారి బల్ల మీద ఉంది.

అచ్చుతప్పు:
"బెల్ బాటం మళ్ళీ నడుస్తోంది" అని మార్చి పంపాను. ఇప్పుడే తిరిగొచ్చింది. "నడుస్తోంది" కింద ఎర్రగీత లేదు. "బెల్ బాటం" కింద ఉంది, పక్కన: "గంటకు ఏమైంది?"