13 జట్లు మారిన పిచర్ గొప్పవాడేనా?

ప్రశ్న: హ్యూస్టన్‌కి వచ్చాక బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. ఆక్టావియో డోటెల్ అనే పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరే ఆటగాడు) 1999 నుంచి 2013 దాకా 13 జట్లకు ఆడాడట. అన్ని జట్లు వదిలేశాయంటే బాగా ఆడనట్టేనా అండీ?

జవాబు: కాదండీ. వదిలేసినవి 13 అంటే, కావాలనుకున్నవీ 13. ఆట చివర్లో ఒక ఇన్నింగ్స్‌ను (ముగ్గురు ఔటయ్యేదాకా సాగే విడతను) నమ్మి అప్పజెప్పగల రిలీవర్ (మొదటి పిచర్ తర్వాత దిగే పిచర్) కోసం సీజన్ మధ్యలో జట్లు వెతుక్కుంటాయి. 2010లో ఒక్క ఏడాదిలోనే పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలెస్, కొలరాడో! ఇల్లు ఎన్నిసార్లు మారాలో తలుచుకుంటే నాకే టెన్షన్.

2003 జూన్ 11 ఆట చూడండి. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో మన హ్యూస్టన్ జట్టు ఆస్ట్రోస్ పిచర్లు ఆరుగురు కలిసి ఒక్క హిట్టూ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఇవ్వలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్ డోటెల్‌ది. నలుగురిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) చేశాడు! ముగ్గురే కదా ఔటవ్వాలి అంటారేమో. ఒకరికి వేసిన మూడో స్ట్రైక్ బంతి క్యాచర్‌కి (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడికి) చిక్కలేదు, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరుగెత్తి బతికిపోయాడు, లెక్కలో మాత్రం అదీ స్ట్రైకౌటే. డోటెల్ తొణకలేదు, ఇంకొకరినీ పంపేశాడు.

ఇంకో జవాబు: 2005లో డోటెల్ మోచేతికి ఆపరేషన్ అయింది. అయినా 2011లో, 37 ఏళ్ల వయసులో, సెయింట్ లూయిస్ జట్టు కార్డినల్స్‌తో వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) గెలిచాడు. టొరంటో నుంచి అక్కడికి వచ్చింది ఆ జులైలోనే.

ప్రశ్న అడిగిన నేనే: 2025 ఏప్రిల్‌లో డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలో నైట్‌క్లబ్ పైకప్పు కూలి డోటెల్ చనిపోయాడని ఇప్పుడే చదివాను. 51 ఏళ్లే. మనసు బాగోలేదు. ఆ ఎనిమిదో ఇన్నింగ్స్ వీడియో ఉంటే లింక్ పెట్టండి, ఈ రాత్రే చూస్తాను.