సమస్య: మూడు పుల్ల లుండి మూల లేదు

నిర్వాహకుడు (కడప): ఈ వారం లెక్కల సమస్య. ఆటవెలది నాలుగో పాదం పైన ఇచ్చాను. త్రిభుజంలో ఏ రెండు భుజాలు కలిపినా మూడోదాని కంటే ఎక్కువ కావాలి. ఆ కిటుకు పద్యంలో కనపడాలి.

జమ్మలమడుగు మాస్టారు:
మూడు నాలుగేడు మూరలు గలవాని
నేల మీదఁ బేర్చ నేర్పు మీఱ
మూడు నాల్గుఁ గూడి యేడుతో సమమాయె
మూడు పుల్ల లుండి మూల లేదు

నిర్వాహకుడు: మూడు, ఏడు ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం ‘డు’ కలవడం) హాయిగా పడింది. ‘నేర్పు మీఱ’ మాత్రం యతి కోసం తెచ్చిన మాట. ఏడు మూరలదాన్ని పుల్ల అంటే వడ్రంగి నవ్వుతాడు మాస్టారూ, అది వాసం!

ప్రొద్దుటూరు శిష్యుడు:
ఐదు రెండు రెండు తెచ్చితి నేనును...
మిగతాది రాత్రికి సార్.

నిర్వాహకుడు: యతి లేదు నాయనా. ‘నందుకొంటిని నేను’ అను. లెక్క సరే, రెండు రెళ్లు నాలుగు, ఐదుకు చాలదు.

మైదుకూరు అక్క:
ఏడు నాల్గు రెండు నిచ్చిన మూడవ
మూడు దాటవలయు మొదట, పదియు
నొకటి చేరరాదు, ఉంచితిఁ బన్నెండు
మూడు పుల్ల లుండి మూల లేదు

నిర్వాహకుడు: తెలియని భుజాన్ని రెండు వైపులా కట్టేశావక్కా, బాగుంది. భేదం 3, మొత్తం 11, మూడోది ఆ నడుమే. పూర్ణాంకాలైతే 4 నుంచి 10 దాకా ఏదైనా సరే. ‘రాదు, ఉంచితి’ విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశావు. మొదటి పాదం గబగబా చదివితే 7, 4, 2 అనిపిస్తుంది. తమాషా ఏమంటే అవీ కుదరవు.

జమ్మలమడుగు మాస్టారు: నా పేచీ వేరే. పన్నెండుదాన్ని నేల మీద పెట్టి, దాని చెరో కొసనా ఏడూ నాలుగూ ఏటవాలుగా ఆనించు. పైన కలవవు, సరే. కింద రెండు మూలలు ఉన్నాయి కదమ్మా! కొసలన్నీ కలిసి కూడా మూల లేకపోవాలంటే పుల్లలు ఒకే గీతగా పడుకోవాలి. అది రెండింటి మొత్తం మూడోదానికి సమానమైనప్పుడే. శిష్యుడి 5, 2, 2కూ ఇదే తంటా.

ప్రొద్దుటూరు శిష్యుడు: ఇంత చిన్న సంగతిని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ నిరూపించాడా సార్?

జమ్మలమడుగు మాస్టారు: ఆయన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో 20వ సిద్ధాంతం. ఇది గాడిదకైనా తెలుసని ఎపిక్యూరియన్లు (ఎపిక్యూరస్ అనే గ్రీకు తత్వవేత్త అనుచరులు) వెక్కిరించారట, యూక్లిడ్‌కు వ్యాఖ్య రాసిన ప్రోక్లస్ చెప్పాడు. గడ్డి ఉన్నచోటికి అది తిన్నగానే పోతుంది కదా. కంటికి తెలిసినా కారణం చెప్పాలి కదా అని ప్రోక్లస్ జవాబు.

మైదుకూరు అక్క: మాస్టారి మాట నిజమే. పన్నెండు తీసేసి పదకొండే పెడతా, విసంధి కూడా పోతుంది:
నొకటి చేరరాదె! యుంచితి నదియె నే

నిర్వాహకుడు: ఇప్పుడు కుదిరిందక్కా. శిష్యా, నీ మిగతా పాదాలేవి?